ఖాళీ ట్రిప్పు

నూకరాజు కుడికాలు మోకాలి కింద మొద్దుబారిపోయి నాలుగేళ్ళయిందని వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు. పక్కింటి కుక్కకి కూడా తెలుసు. ఎండ పడినప్పుడల్లా అది వచ్చి ఆ పాదం మీదే తలపెట్టుకుని పడుకుంటుంది. దాని బరువు ఆయనకి తెలియదు కాబట్టి కాలు లాక్కోడని దాని ధీమా. తెలియనిదల్లా రవాణా శాఖవారి వైద్య మండలి ఒక్కదానికే.

"తొంభై మూడు శాతమండి. అభినందనలు!" అన్నాడు మండలి గుమాస్తా, కాగితం బల్ల మీదుగా జరుపుతూ.

"దేనికి బాబూ అభినందనలు?" అంది మంగతాయారు.

"మీవారు పూర్తి ఫిట్. సోమవారం నుంచి డ్యూటీకి వెళ్ళొచ్చు."

మంగతాయారు భర్త వంక చూసింది. ఆ పూర్తి ఫిట్ మనిషి బెంచీ మీద నుంచి లేవడానికి రెండు చేతులతో తొడ పట్టుకుని, కాలిని నేల మీద సరిగ్గా నిలబెట్టుకుంటున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. రాజమండ్రి నుంచి విశాఖ దాకా మనిషిని సగం మోసుకుంటూ తెచ్చింది ఈ ముక్క వినడానికా?

తప్పంతా ఆ సీటుది. దాని అసలు పేరు సామర్థ్య దర్శని. అంత పేరు పిలిచే ఓపిక లేక డ్రైవర్లు మాయ సీటు అంటారు. చూడ్డానికి మామూలు డ్రైవరు సీటే. ముందు స్టీరింగు, కింద పెడళ్ళు, వాటికి ఏ బండీ తగిలించి ఉండదు. నెత్తిన ఒక తొడుగు బిగిస్తారు. నిమిషం తిరిగేసరికి మనిషి తను ఎక్కడున్నదీ మరిచిపోతాడు. అతని జ్ఞాపకంలోంచే రోడ్డు లేచి వచ్చి ముందు పరుచుకుంటుంది. నిజంగా డ్యూటీలో ఉన్నాననే అనుకుంటాడు. బయట తెర మీద మండలివారు ఆ రోడ్డు చూస్తూ, మనిషి ఎంత బాగా నడుపుతున్నాడో లెక్క కడతారు.

పని చేయలేనివాళ్ళకి ముందే ఇచ్చే పింఛను కోసం నడుం పోయిందని, చెయ్యి పడిపోయిందని దొంగ ఏడుపులు ఏడ్చినవాళ్ళు ఒకప్పుడు బోలెడుమంది. వాళ్ళని పట్టడానికే డాక్టర్ హైమావతి దీన్ని కనిపెట్టింది. సీట్లో కూర్చుంటే నటించేవాడు తను నటిస్తున్న సంగతే మరిచిపోతాడు. ఆలోచన మంచిదే. కాకపోతే సీటు వచ్చాక శాఖ మొత్తం మీద ఒక్కడంటే ఒక్కడు కూడా అశక్తుడని తేలలేదు. ఇదేమిటీ విడ్డూరమని ఎవరైనా ఆగి ఆలోచించాలా వద్దా? ఆలోచించలేదు. సైన్సు విజయమని సభ పెట్టి శాలువాలు కప్పారు.

తిరుగు ప్రయాణంలో మంగతాయారు ఊరుకోలేదు.

"ఏవయ్యా, ఒక్క మలుపులోనైనా కాస్త తప్పుగా తిప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

"పరీక్షని తెలిస్తే కదే తిప్పడానికి? ఫస్ట్ సర్వీసు తీసుకెళ్తున్నాననుకున్నాను. కాలు దివ్యంగా ఆడింది," అన్నాడు నూకరాజు. ఆ చివరి మాట అంటున్నప్పుడు మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది. అది చూసి ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

నూకరాజుది మారేడుమిల్లి ఘాట్ రోడ్డు. మైదానంలో బస్సులన్నీ డ్రైవరు లేకుండా తమంతట తామే తిరుగుతున్న కాలం ఇది. ఆ కొండ మీద మాత్రం ఇంకా మనిషే కావాలి. అడవిలో సిగ్నలు అందదు, స్టాపులుండవు. ఏ చెట్టు కిందో ఎవరో చెయ్యెత్తుతారు, బస్సు ఆగాలి. చెయ్యెత్తినవాళ్ళని వదిలేసి పోయిన డ్రైవరుకి ఆ కొండ మీద మళ్ళీ మంచినీళ్ళు పుట్టవు. ఇరవయ్యేళ్ళు ఆ మలుపుల్లో కుదేసి కుదేసి వెన్నుపూస అరిగింది, నరం నలిగింది, కాలు పోయింది. మూడేళ్ళకి పైగా చేత్తో తొడ ఎత్తి బ్రేకు మీద పెట్టుకుంటూ డిపోలో ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. ఈ ఏడు వానలకి ముందు ఒకరోజు మలుపులో పాదానికి బ్రేకు దొరకలేదు. హ్యాండ్‌బ్రేకు లాగితే బస్సు పిట్టగోడకి రాసుకుని ఆగింది. లోపల జనం చక్రం కింద రాయి పడిందనుకున్నారు. ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడే సెలవు పెట్టి పింఛనుకి అర్జీ ఇచ్చాడు.

డిపోలో కూర్చోబెట్టి చేయించే పనులన్నీ మెషీన్లకి పోయాయి. డ్యూటీకి వెళ్ళకపోతే రాజీనామా కింద లెక్క, పింఛను గోవిందా. మంగతాయారు జాకెట్లు కుట్టి సంపాదించేది ఆయన మందులకీ ఇంటద్దెకీ చాలదు.

"ఎక్కితే జనాన్ని చంపుతాను. దిగితే నిన్ను పస్తు పెడతాను," అన్నాడు నూకరాజు ఆ సాయంత్రం. "ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

మంగతాయారు రెండు రోజుల తర్వాత మళ్ళీ విశాఖ బస్సెక్కింది, ఈసారి ఒక్కతే.

డాక్టర్ హైమావతి గది ముందు పొద్దున్నించీ కూర్చుంటే భోజనాల వేళకి లోపలికి రానిచ్చారు. డాక్టరు సన్నగా, నిద్ర చాలని మొహంతో ఉంది. ఎదురుగా చల్లారిపోయిన టీ.

"ఆయన కాలు అలా కదిలి నాలుగేళ్ళయిందండి, డాక్టరమ్మగారూ," అంది మంగతాయారు, దండం పెట్టడం కూడా మరిచిపోయి. "మీ సీట్లో మాత్రం కుర్రాడి కాల్లా ఆడిందంట. ఆ కాలేదో మాకిప్పించెయ్యండి. ఇంటికి పట్టుకుపోతాం. పింఛనూ వద్దు, ఏమీ వద్దు."

డాక్టరు నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తెర దగ్గరికి వెళ్ళి నూకరాజు పరీక్ష మళ్ళీ వేసి, కాలి గీత ఒక్కటే చాలాసేపు చూసింది.

"కూర్చోండమ్మా," అంది చివరికి, గొంతు తగ్గించి. "సీటు రోడ్డుని ఆయన జ్ఞాపకంలోంచి తీసుకుంటుంది. జ్ఞాపకంలో రోడ్డొక్కటే ఉండదు కదా. కాలు కూడా ఉంటుంది. పాత కాలు, మంచి కాలు. సీటు ఆయనకి అదే తొడిగింది."

"అంటే, కాలు లేనోడికి కూడా మీ సీట్లో కాలు మొలుస్తుందన్నమాట."

"మొలుస్తుంది. ఇన్నాళ్ళూ అందరికీ మొలిచినట్టుంది," అంది డాక్టరు. ఆ తర్వాత టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేసింది.

ఇంత జరిగాక ఒక మామూలు డాక్టరు ఒక మామూలు సూదితో ఆ కాలిని గుచ్చి చూస్తే సరిపోయేదని మంగతాయారు అభిప్రాయం. మండలి అధ్యక్షుడు కుదరదన్నాడు. సీటు చెప్పనిదే పింఛను ఇవ్వకూడదని నిబంధన అట. సీటు అబద్ధం చెప్పిందంటే మళ్ళీ సీటునే అడగాలట! డాక్టర్ హైమావతి డ్యూటీ తేదీ వాయిదా వేయించి, వారం రోజులు కష్టపడి కాలికి కట్టే పట్టీ ఒకటి తయారు చేసింది. ఆ పట్టీ కట్టుకుంటే సీటులోని మనిషికి పాత కాలు రాదు, ఇప్పటి కాలే ఉంటుంది. ఆ పట్టీతో మొదట కూర్చోబోయేది నూకరాజు.

"కూర్చునే ముందు ఏ ట్రిప్పు తలుచుకుంటే అదే మొదలవుతుంది. బాగా అలవాటైనది తలుచుకోండి," అని చెప్పింది డాక్టరు.

మంగతాయారు భర్తని పక్కకి లాక్కెళ్ళింది. "ఇదిగో చూడు. ఆమధ్య బండి పాడైతే బాగుచేయించి మారేడుమిల్లి నుంచి ఖాళీగా డిపోకి తోలుకొచ్చావే, అది తలుచుకో. కాలు జారి బస్సు ఎక్కడన్నా గుద్దుకుంటే గుద్దుకోనీ. లోపల నరమానవుడు ఉండకూడదు. ఉత్తుత్తిదే అయినా జనమెందుకు మనకి?"

"అలాగేలే," అన్నాడు నూకరాజు. ఆ ఆలోచన ఆయనకీ నచ్చింది.

తెర మీద ఖాళీ బస్సు కొండ దిగడం మొదలుపెట్టింది. వెనక సీట్లన్నీ వట్టివే. అద్దం ఇవతల నిలబడి మంగతాయారు హమ్మయ్య అనుకుంది. అనుకున్నంతసేపు పట్టలేదు. ముందు వెదురు పొద పక్కన ఎవరో చెయ్యెత్తారు.

బస్సు ఆగింది.

"రండి మాస్టారూ, బడి అప్పుడే వదిలేశారేంటి?" అన్నాడు సీట్లో నూకరాజు, నవ్వుతూ.

"ఓరి నాయనో," అంది మంగతాయారు. "ఎక్కించకయ్యా! ఖాళీ ట్రిప్పయ్యా అది!"

"ఆయనకి వినపడదమ్మా," అంది డాక్టరు.

వినపడినా ఆగేవాడు కాదేమో. ఇరవయ్యేళ్ళ అలవాటు. కొండ మీద చెయ్యి కనపడితే ఆ మనిషి పాదం అనుకోకుండానే బ్రేకు మీదకి వెళుతుంది. పల్లం ఇంకా మొదలవలేదు, బస్సు మెల్లగా పోతోంది, కాబట్టి చేత్తో కాలిని నెట్టుకుంటూ ఎలాగో ఆపుతున్నాడు. బొంగులో చికెన్ అమ్మే గోవిందు వెదురు బొంగుల మోపుతో ఎక్కాడు. నిండు చూలాలు ఒకమ్మాయి అత్తగారి చెయ్యి పట్టుకుని ఎక్కింది. చీపుళ్ళు అమ్మే సోమమ్మ ఎక్కి, ఇన్ని సీట్లుండగా డ్రైవరు వెనకే చతికిలబడి, బస్సు ఆలస్యమైందని తిట్టడం మొదలుపెట్టింది. ఆమె తిట్లకి నూకరాజు నవ్వుతున్నాడు. ఒక్కొక్కరే ఎక్కుతుంటే బస్సు నిండిపోయింది. ఎవరినీ సీటు కల్పించలేదు. అందరూ ఆయనకి పేరుపేరునా తెలిసినవాళ్ళే.

"ఆపండి దీన్ని!" మంగతాయారు అద్దాన్ని అరచేత్తో బాదింది.

"మధ్యలో తొడుగు తీస్తే మనిషి ప్రాణానికే ప్రమాదం. ట్రిప్పు పూర్తవ్వాలి," అంది డాక్టరు. ఆమె మొహం పాలిపోయింది.

పల్లం వచ్చింది. మలుపు వచ్చింది. నూకరాజు కుడిచెయ్యి స్టీరింగు వదిలి తొడని పట్టుకుంది. ఎత్తి పెట్టాడు. పాదం పక్కకి పడిపోయింది. మళ్ళీ ఎత్తాడు. హ్యాండ్‌బ్రేకు అందుకునేసరికి ఆలస్యమైపోయింది. తెర మీద ముందు పిట్టగోడ, తర్వాత ఆకాశం, తర్వాత చెట్ల కొమ్మలు కనిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

సీట్లో నూకరాజు కేక పెట్టలేదు. చీకట్లో తడుముకుంటున్నట్టు చేతులు ముందుకి చాపి, ఒక్కొక్కరినే పిలిచాడు. "మాస్టారూ... గోవిందూ... అమ్మాయ్, నీకేం కాలేదు కదమ్మా... సోమమ్మా..." ఎవరూ పలకలేదు.

ఆయన్ని లోపల పడుకోబెట్టాక గుమాస్తా కాగితం తెచ్చాడు. "పదకొండు శాతమండి. పింఛను వచ్చినట్టే, అభినందనలు!" మంగతాయారు అతని వంక చూసిన చూపుకి అతను కాగితం అక్కడే పెట్టి జారుకున్నాడు.

"అది కలలాంటిదేనమ్మా. మెల్లగా చెరిగిపోవాలి," అంది డాక్టర్ హైమావతి.

"ఎన్నాళ్ళకండి?"

"తెలియదు. ఇంతవరకూ సీట్లో ఎవరూ ఓడిపోలేదు. ఓడిపోతే ఏమవుతుందో చూసింది మీవారితోనే." డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని ఇంకేదో అనబోయింది. మంగతాయారు చెయ్యి విడిపించుకుంది.

కొద్దిరోజుల్లోనే మంజూరు కాగితం ఇంటికొచ్చింది. నెలాఖరులోగా కింద సంతకం పెట్టి పంపాలి, లేకపోతే రద్దు. సంతకానికి పైన ఒక వాక్యం అచ్చువేసి ఉంది. 'పరీక్షయందు ప్రయాణికులకు సంభవించిన ప్రాణనష్టము నా శారీరక అశక్తత వలననే సంభవించినదని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను.'

నూకరాజు అది చదివి, మడిచి, బల్ల మీద పెట్టేశాడు.

"పెట్టవేమయ్యా సంతకం?"

"ప్రాణనష్టం అంటున్నారే."

"ఉత్తుత్తి ప్రాణనష్టమయ్యా!"

"ఉత్తుత్తిదైతే సంతకమెందుకే మరి?"

ఆమె ఆఫీసుకి ఫోను చేస్తే, ఆ వాక్యం మెషీను రాస్తుందనీ, తీసేసే అధికారం తమకి లేదనీ అన్నారు. ఆమె భర్తని బతిమాలింది, తిట్టింది, రెండు పూటలు మాట్లాడ్డం మానేసింది. ఏం చేసినా ఆయన ఆ వాక్యం కింద పేరు రాయనన్నాడు.

"అది సీటని నాకు తెలీదా తాయారూ? తెలుసు. కానీ గుర్తుంది. మన పెళ్ళి ఎలా గుర్తుందో ఇదీ అలాగే గుర్తుంది. మన పెళ్ళి జరగలేదని ఎవరన్నా అంటే నువ్వు ఒప్పుకుంటావా?"

"ఈమధ్య ఒప్పుకుందామనే అనిపిస్తోంది," అంది మంగతాయారు. అన్న తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. కాలికి పింఛను అడిగితే కాలితో పాటు మనిషిని కూడా తీసేసుకున్నారని ఆమె ఏడుపు.

ఏడిచి మొహం కడుక్కున్నాక ఆమెకి ఒక సంగతి తట్టింది. మర్నాడు ఆ కాగితాన్ని, ఒక పెన్నునీ సంచిలో పడేసుకుని, భర్తని కొండ బస్సెక్కించింది.

"చచ్చిపోయారన్నావుగా, చూపిస్తాను పద. ఒక్కొక్కరినీ ముట్టుకుని చూసుకో. ఆఖరు మనిషి కనపడగానే అక్కడికక్కడే సంతకం పెట్టాలి. సరేనా?"

నూకరాజు కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా రోడ్డు వంక చూడలేదు.

మాస్టారు బడి వరండాలోనే దొరికాడు. సంగతంతా విని విరగబడి నవ్వాడు. "నేను పోయానా? మా ఆవిడతో అనకండి, బీమా డబ్బులతో బంగారం కొనుక్కుంటుంది!" నూకరాజు ఆయన మణికట్టు పట్టుకుని కాసేపు వదల్లేదు. గోవిందు ఈ చావు సంగతికి బాగా ముచ్చటపడి, డబ్బులు తీసుకోకుండా ఒక బొంగు కాల్చి పెట్టాడు. చూలాలు ఇప్పుడు బాలింత. పిల్లాడిని తెచ్చి నూకరాజు ఒళ్ళో పెట్టింది. వాడు ఆయన చొక్కా గుండీ పట్టుకుని లాగాడు. నూకరాజు మొహంలోకి రక్తం రావడం మంగతాయారు కళ్ళారా చూసింది. "చెప్తే విన్నావా? పోలీసుల్లా ఇల్లిల్లూ తిప్పించావు," అని విసుక్కుంది. చాన్నాళ్ళకి ఆ విసుగులో కాస్త సుఖం ఉంది.

మిగతావాళ్ళు కూడా గుమ్మంలోనో రోడ్డు పక్కనో ఒక్కొక్కరే కనిపించారు. సాయంత్రానికి మిగిలింది సోమమ్మ ఒక్కతే.

రోడ్డు దిగి కాస్త లోపలికి నడవాలి. నూకరాజు భార్య భుజం మీద చెయ్యేసి, కాలీడ్చుకుంటూ, ఈసారి తనే తొందరపెడుతూ నడిచాడు. "చూడు, నన్ను చూడగానే తిడుతుంది. ఇన్నాళ్ళు ఏమైపోయావని తిడుతుంది," అన్నాడు.

ఇంటి ముందు సోమమ్మ కొడుకు చీపుళ్ళు కడుతున్నాడు. లేచి నులకమంచం వాల్చాడు.

"అమ్మేదయ్యా?" అంది మంగతాయారు.

"అమ్మ పోయింది కదమ్మా," అన్నాడతను. "మొన్న వానల్లో జొరమొచ్చింది. మూడు రోజులే."

మంగతాయారు గబగబా లెక్క వేసింది. వానలు ముందు. మండలి, సీటు, పరీక్ష, అన్నీ తర్వాతే. సెలవులో ఉన్నాడు కాబట్టి ఈయనకి కబురు తెలియలేదు. ఇంత తేలిక లెక్క చిన్నపిల్లలు కూడా వేస్తారు. ఆమె ఆ లెక్క చెప్పడానికి భర్త వైపు తిరిగింది.

నూకరాజు మంచం మీద కాదు, నేల మీద కూర్చుని ఉన్నాడు.

"జ్వరమయ్యా! నీ పరీక్షకి ముందే! విన్నావా? జ్వరంతో పోయింది!"

"విన్నానే," అన్నాడు నూకరాజు. "జ్వరమే అయ్యుంటుంది. ఆ అబ్బాయి అబద్ధమెందుకు చెప్తాడు? కానీ బస్సు పడినప్పుడు నా వెనకే ఉంది తాయారూ. నా చొక్కా పట్టుకుంది."

సోమమ్మ కొడుకు ఏమీ అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తన తల్లి కోసం ఈయన ఇంత దూరం వచ్చి ఏడుస్తున్నాడన్నదొక్కటే అతనికి తెలిసింది. అతనూ కళ్ళు తుడుచుకుని, నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

"ఆ కాగితం ఇలా ఇయ్యి," అన్నాడు నూకరాజు.

"ఇప్పుడొద్దులేవయ్యా."

"ఇయ్యవే. తప్పు ఒప్పుకోవాలి కదా."

ఆమె సంచిని గుండెలకి హత్తుకుంది. ఏ సంతకం కోసమైతే నెలంతా ఈ మనిషితో పోట్లాడిందో, అదే సంతకం ఇప్పుడు వద్దనుకుంటోంది. అలాగని నెలాఖరు ఎంతో దూరం లేదు. ఆయన ఆమె చేతిలోంచి సంచి మెల్లగా తీసుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. దాని కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కుదురుగా రాశాడు.

"ఇంక పింఛను వస్తుంది కదా?"

"వస్తుంది," అంది మంగతాయారు.

"మొదటి నెలది వీళ్ళకిద్దాం."

మంగతాయారు నోరు తెరిచింది. జ్వరం సంగతి, వానల సంగతి, సీటు సంగతి, చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. ఇంటద్దె సంగతి కూడా ఉంది.

"అలాగేనయ్యా," అంది, ఆయన పక్కన నేల మీద కూర్చుంటూ.